కౌరివి లొంగుబాటు

దుంప కోసం తవ్విన గుంటను ఎవరో మళ్ళీ మట్టితో పూడ్చి, పైన ఎండుగడ్డి కూడా చల్లి వెళ్ళారు. కవారి మోకాళ్ళ మీద కూర్చుని వేలు గుచ్చి చూశాడు. లోపలి మట్టి ఇంకా చల్లగా ఉంది. చుట్టూ అడుగుజాడలు లేవు. ముళ్ళకొమ్మతో ఊడ్చిన సన్నటి చారలు మాత్రం కొండవైపు పోతున్నాయి. ఆకలితో తిరిగేవాళ్ళు ఇంత ఓపిగ్గా గుంటలు పూడ్చరు. పూడ్చేదాకా పక్కన నిలబడి చూసే మనిషి ఈ కొండల్లో ఒక్కడే ఉన్నాడు. పెదనాన్న కౌరివి బతికే ఉన్నాడన్నమాట.

అది తెలిసి సంతోషించాలో భయపడాలో కవారికి అర్థం కాలేదు.

బియ్యం మూట భుజానికెత్తుకుని, కర్రకు కట్టిన తెల్లగుడ్డను ఇంకాస్త పైకెత్తి నడిచాడు. ఆ గుడ్డ కనబడితే జర్మన్ సైనికులు కాల్చరని, తనను పంపిన తెల్ల పాదిరి చెప్పాడు. సొంతవాళ్ళు కాల్చరని మాత్రం ఆయన చెప్పలేదు. ఖైదీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ మెడలో వేలాడుతూ రొమ్ముకు తగులుతోంది. దాన్ని చొక్కా లోపలికి తోసుకున్నాడు.

"ఆ గుడ్డ దించరా," అంటూ పైనుంచి ఒక గొంతు. "మనకి ఆవులుండి ఉంటే ఈపాటికి బెదిరి పారిపోయేవి."

బండమీద కటారే నిలబడి ఉన్నాడు. కౌరివి కొడుకు. చేతిలో తుపాకీ. తూటాలు అయిపోయి చాలాకాలమైనా దాన్ని వదల్లేదు. కిందికి దిగి వచ్చి, తుపాకీ గొట్టంతో కవారి పొట్టమీద పొడిచి చూశాడు.

"కండ పట్టావురోయ్! తెల్లోడి గంజి బాగానే ఒంటబట్టింది."

"అన్నా, పెదనాన్నని చూడాలి."

"చూద్దువుగాని. నీ వెనక ఎంతమంది గుర్రాలేసుకుని వస్తున్నారో ముందు చెప్పు."

"ఎవరూ లేరు. అమ్మతోడు."

కటారే అతని ముఖంలోకి చూశాడు. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి కటారేకి. కళ్ళు లోపలికి పోయాయి. అయినా ముందు నడుస్తూ, మధ్యమధ్య వెనక్కి తిరిగి కవారి అడుగులను కొమ్మతో తుడవడం మరిచిపోలేదు.

లోయలోకి దిగాక కవారి కాళ్ళు ఆగిపోయాయి. ఒకప్పుడు కౌరివి మందలు నీళ్ళకు దిగితే లేచిన దుమ్ము మధ్యాహ్నం దాకా అణిగేది కాదు. ఇప్పుడు ఆయన మనుషులంతా ఒక్క బండ నీడలో పట్టేశారు. తోలు కప్పుకున్న ముసలివాళ్ళు, పొట్టలు ఉబ్బిన పిల్లలు, కొందరు ఆడవాళ్ళు, గట్టిగా నిలబడగలిగిన మగవాళ్ళు కొద్దిమంది. హెరెరోలు తెల్లవాళ్ళ మీద తిరగబడి రెండు వానాకాలాలు దాటాయి. పెద్ద పోరులో ఓడించి ఒమహేకె ఎడారి ఇసుకలోకి తరిమేసినప్పుడు దాహంతో పోయినవాళ్ళు పోగా మిగిలింది ఇదీ.

వాళ్ళకు కాస్త ఎడంగా నిప్పు. మండడం లేదు, ఒక మొద్దు చివర రాజుకుంటోంది. తాతల నాటి నిప్పు అది. కౌరివి కూతురు కాయెరా పక్కనే కూర్చుని, చంకలో బిడ్డను సర్దుకుంటూ, రెండో చేత్తో మొద్దును లోపలికి జరుపుతోంది. నిప్పుకు ఆవలివైపు కౌరివి.

కవారి మూట దించి, నిప్పును చుట్టి వెళ్ళి ఆయన ముందు కూర్చున్నాడు. కౌరివి పక్కనున్న సొరబుర్రలోంచి నోట్లోకి నీళ్ళు తీసుకున్నాడు. ఇంటికొచ్చిన బిడ్డ నుదుటి మీద నోటితో నీళ్ళు చిలకరించి దీవించడం పెద్దవాళ్ళ పద్ధతి. ఇంతకుముందైతే ముఖమంతా తడిసేది. ఇప్పుడు నాలుగు తుంపరలు పడ్డాయి. మిగతావి ఆయన మింగలేదు, జాగ్రత్తగా సొరబుర్రలోకే వదిలాడు.

"వచ్చావా, కవారీ," అన్నాడు.

పాదిరి దగ్గర అతను ఎలిఫాస్. సైనికుల దగ్గర బిళ్ళమీది నంబరు. ఈ పేరు వినబడి చాలా రోజులైంది.

"పాదిరి పంపించాడు, పెదనాన్నా. యుద్ధం అయిపోయిందట. ఇక ఎవర్నీ కాల్చరట. కొండల్లో ఉన్నవాళ్ళు తమంతట తాము వచ్చేస్తే తిండి పెడతారు. నీళ్ళున్నాయి. జబ్బు చేస్తే మందిస్తున్నారు. నమ్మకం కోసం ఈ బియ్యం పంపాడు."

"పచ్చికంతా వాళ్ళదన్నారు. చెలమలు వాళ్ళవన్నారు. మా ఆవుల్ని దొడ్లోంచి తోలుకుపోయారు. అందుకే కదరా తుపాకీ పట్టాం," అన్నాడు కౌరివి, కోపం లేకుండా. "ఇప్పుడు ఆ నీళ్ళే తాగడానికి రమ్మంటున్నారా?"

"అవును పెదనాన్నా."

"ఎవరైనా వెళ్ళారా?"

"చాలామంది."

"మీ నాన్న ఎలా ఉన్నాడు?"

ఈ ప్రశ్న వస్తుందని దారంతా అనుకుంటూనే వచ్చాడు. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాడు. "బాగున్నాడు. సముద్రం దగ్గర పనిలో పెట్టారు. పని అయ్యాక పంపేస్తారట."

"మీ అమ్మ?"

"అమ్మ కూడా ఆయనతోనే ఉంది."

కౌరివి తల ఊపాడు.

కౌరివి అక్క కంబాండా కర్ర పొడుచుకుంటూ వచ్చి మూట విప్పి చూసింది. గుప్పెడు గింజలు తీసి కళ్ళ దగ్గర పెట్టుకుంది. "ఏంట్రా ఇవి, చీమల గుడ్లా?"

"బియ్యం అత్తా. ఉడకబెట్టుకుని తినాలి."

"రుచిగా ఉంటాయా?"

"పాలు లేకపోతే ఏదీ రుచిగా ఉండదత్తా."

"అబ్బో, మాటలు నేర్చాడు," అని నవ్వింది. పిల్లలు మూట చుట్టూ చేరారు. ఒక పిల్ల నేలమీద పడిన గింజ ఏరుకుని నోట్లో వేసుకోబోతే తల్లి చేయి పట్టి ఆపింది. ఇంటిపెద్ద రుచి చూడనిదే ఎవరూ ముట్టకూడదు. మందలున్న రోజుల్లో ఏ ఆవు పాలైనా ముందు కౌరివి పెదవికి తాకాల్సిందే. మందలు పోయాక దుంపలూ, జిగురూ, చెదపురుగులూ కూడా అలాగే ఆయన ముందుకు వస్తున్నాయి. అందరూ ఆయన వైపు చూశారు.

"కట్టెయ్యి," అన్నాడు కౌరివి.

కాయెరా లేచి మూట కట్టేసి బండకింద పెట్టింది. ఆ సాయంత్రం అందరూ చేదు దుంపలే తిన్నారు. కవారికి కూడా ఒకటి ఇచ్చారు. అది వాళ్ళలో ఎవరి వంతో అతను అడగలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే కాయెరా దుంపలకు బయల్దేరుతూ, "రా అన్నా, తవ్వడం గుర్తుందా?" అని పిలిచింది. బిడ్డను వీపుకు కట్టుకుంది. ఇసుకలో పారిపోతున్నప్పుడు పుట్టిన పిల్ల. దానికి దాహం అని పేరు పెట్టారు. దాని తండ్రి ఆ ఇసుకలోనే పోయాడు.

ఇద్దరూ తవ్వడం మొదలుపెట్టారు. గడ్డిపోచలాంటి సన్నటి కాడను పట్టుకుని, అది తెగకుండా చుట్టూ మట్టి తీసుకుంటూ పోవాలి. కాడ తెగితే దుంప దొరకదు. కాయెరా కర్రతో తవ్వుతోంది, కవారి చేత్తో మట్టి తోడుతున్నాడు. ఎండ ఎక్కేసరికి అతను చొక్కా విప్పి పొదమీద వేశాడు.

"భుజం మీద ఆ మచ్చేంటి?" అంది కాయెరా.

అతను చేత్తో తడుముకున్నాడు. ఎడమ భుజం నుంచి రొమ్ముమీదికి నల్లగా గట్టిపడిన చర్మం.

"తాడు ఒరుసుకుంది."

"ఏ తాడు?"

కవారి మట్టి తోడుతూనే ఉన్నాడు. ఆమె కర్ర ఆగిపోయింది.

"అక్కడ, సముద్రం దగ్గర, ఎద్దులు లేవు," అన్నాడు చివరికి. "ఓడల్లోంచి దింపిన సరుకు బళ్ళమీద లాగాలి. మనల్ని కడతారు. మగవాళ్ళు రైలు పట్టాల దగ్గరుంటే బండికి ఆడవాళ్ళని కడతారు. ఇటు నలుగురు, అటు నలుగురు. అమ్మని కట్టారు, కాయెరా. మా అమ్మని. కాడి దగ్గర ఎడమవైపు మొదటి చోటు ఆమెది. పడిపోతే కొరడాతో లేపుతారు."

వీపుమీద బిడ్డ సన్నగా ఏడ్చింది. కాయెరా అలవాటుగా ఒళ్ళు ఊపింది.

"గాలి ఎప్పుడూ తడిగా ఉంటుంది. కప్పుకోవడానికి గోనెసంచి. ఆ బియ్యమే ఇస్తారు, గిన్నె ఇవ్వరు. పచ్చివే నమిలి కడుపునొప్పితో పోయేవాళ్ళు పోతుంటారు. నాన్న అలాగే పోయాడు. నేనే మోశాను. ఇసుకలో పెడితే రెండో రోజుకి అలలు పైకి తీశాయి."

"మరి నిన్నెట్లా వదిలారు?"

"పెదనాన్న జాడ ఎవరికైనా తెలుసా అని పాదిరి అడిగించాడు. తెలుసన్నాను. రైల్లో వెనక్కి తెచ్చారు. హుల్దా, రూతు ఇక్కడి శిబిరంలోనే ఉన్నారు, ఇంకా సముద్రానికి పంపలేదు. నేను మిమ్మల్ని తెస్తే వాళ్ళని పంపకుండా చూస్తానన్నాడు. ఆయన మంచివాడే కాయెరా. నిజంగానే అన్నాడు."

హుల్దా అతని భార్య. రూతు కూతురు, ఇంకా పాలపళ్ళు ఊడలేదు.

"నాన్నకి చెప్పు ఇదంతా," అంది కాయెరా.

"చెబితే మీరు రారు. మీరు రాకపోతే నా పిల్ల రైలెక్కుతుంది."

"వస్తే నా పిల్ల ఎక్కుతుంది."

కోపంతో అనలేదామె. తూకం వేసి చూసినట్టు అంది. తర్వాత మళ్ళీ కర్ర తీసుకుంది. తెల్లటి దుంప బయటపడింది, గుప్పిట్లో పట్టేంత. దాన్ని దులిపి సంచిలో వేసి, గుంట పూడ్చి, ఎండుగడ్డి ఏరి తెచ్చి పైన చల్లింది. కవారి చూస్తూ కూర్చున్నాడు.

వాళ్ళు లోయకు తిరిగొచ్చేసరికి వాతావరణం మారిపోయి ఉంది. పిల్లలు గంతులేస్తున్నారు. ఉన్న ఒక్క ఇనపకుండలో బియ్యం ఉడుకుతోంది. కంబాండా కుండ దగ్గర కూర్చుని కర్రతో కలుపుతూ, "ఉబ్బుతున్నాయే! నిజంగా చీమల గుడ్లే, పొదుగుతున్నాయి," అంటోంది. పొంగిన గంజి కుండ అంచులు దాటి మంటలో పడి చిటపటలాడింది.

కవారి కుండ దగ్గరే ఆగిపోయాడు. పెదనాన్న ఒప్పుకున్నాడన్నమాట. అంతా వస్తారు. రూతు ఇక్కడే ఉంటుంది. ఈ మాట మనసులో అనుకున్న వెంటనే కాయెరా వైపు చూడబోయి చూడలేకపోయాడు.

కంబాండా చిన్న చెక్కగిన్నెలో ముద్ద తీసి తమ్ముడి ముందు పెట్టింది. కౌరివి గిన్నె ఎత్తాడు. గిన్నె పెదవి దాకా వచ్చింది.

"నాన్న లేడు పెదనాన్నా," అన్నాడు కవారి.

తను అనాలనుకుని అన్న మాట కాదది. నోట్లోంచి పడిపోయింది. తర్వాతది ఆపుకోవడం అతని వల్ల కాలేదు. సముద్రం, తాడు, అమ్మ, అలలు తీసిన శవం, పాదిరి ఇచ్చిన మాట, అన్నీ అలాగే కూర్చుని చెప్పేశాడు. కటారే ఉన్నచోటే లేచి నిలబడ్డాడు. అతని పిడికిలి తుపాకీ గొట్టం మీద బిగిసింది.

కౌరివి అంతా విన్నాడు. తర్వాత ముద్ద నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలి మింగాడు. "పిల్లలకి పెట్టు," అని అక్కతో అన్నాడు.

పిల్లలు కుండమీద పడ్డారు.

"నాకు నిన్ననే తెలుసురా. మీ నాన్న నన్ను తిట్టకుండా ఒక్క కబురైనా ఎప్పుడు పంపాడు? చిన్నప్పుడు దూడలు కాసే రోజుల నుంచీ అంతే. వాడు బాగున్నాడని చెప్పావు, వాడు తిట్టిన తిట్టు మాత్రం చెప్పలేదు," అన్నాడు కౌరివి. గిన్నె కింద పెట్టాడు. "అలలు తీశాయన్నావు. మళ్ళీ పూడ్చావా?"

"పూడ్చాను పెదనాన్నా. ఈసారి పైకి, రాళ్ళ దగ్గర."

"మంచిపని చేశావు."

"వీణ్ణి ఏం చేద్దాం?" అన్నాడు కటారే.

"అన్నం పెడదాం," అన్నాడు కౌరివి. "కూర్చో. చెప్పేది ఉంది."

అన్నం తినే చప్పుడు తప్ప లోయలో ఇంకేమీ వినబడటం లేదు. కౌరివి గొంతు తగ్గించలేదు, పెంచలేదు. ఆవుల్ని ఏ వైపు తోలాలో పొద్దున్నే చెప్పే మనిషిలా చెప్పాడు.

తూర్పున ఇసుక మొదలయ్యేచోట ఆఖరి చెలమ దగ్గర గుర్రపు దళం కాపలా ఉంది. ఇసుక దాటితే స్వానా తెగ రాజు ఏలే సీమ. అక్కడికి జర్మన్లు రాలేరు. వానలు పడ్డాయి, ఇసుకలో అడవిపుచ్చలు కాసి ఉంటాయి, వాటి నీళ్ళతో దాటొచ్చు. ఆ చెలమ ఒక్కటే అడ్డం.

"ఆ గుర్రాలు నా కోసం ఉన్నాయి. నేను దొరికేదాకా కదలవు. నేనే వెళ్ళి దొరికితే వాళ్ళకి అక్కడ పనేముంది? నేను, అక్క, నడవలేనివాళ్ళం కవారి వెంట పాదిరి దగ్గరికి పోతాం. మీరు ఈ కొండమీద నుంచి చూస్తూ ఉండండి. గుర్రాలు పడమటికి తిరిగాయంటే చెలమలో నీళ్ళు నింపుకుని నడవండి. బియ్యం రెండు రోజులు తినండి. కాళ్ళకి బలం కావాలి."

"నేను రాను," అన్నాడు కటారే. "నిన్ను వాళ్ళకప్పగించి పారిపోవాలా? చస్తే ఇక్కడే చస్తాను, కాలుస్తూ చస్తాను."

"దేంతో కాలుస్తావు? తుపాకీలో తూటా లేదు. కాళ్ళలో నడకుంది. ఉన్నదాన్ని వాడుకో."

"లొంగిపోయాడంటారు నిన్ను. కౌరివి లొంగిపోయాడని ఊరూరా చెప్పుకుంటారు."

"చెప్పుకోనీ. ఎంత గట్టిగా చెప్పుకుంటే అంత మంచిది."

కంబాండా వేళ్ళు నాకుతూ అంది: "నా మోకాళ్ళు ఎట్లాగూ తూర్పుకి రామంటున్నాయి. పడమటికైతే ఒకరోజు నడుస్తాయి. రైలెట్లా ఉంటుందో చూడాలని నాకెప్పటినుంచో కోరిక."

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు.

కౌరివి కవారి వైపు తిరిగాడు. "వీళ్ళే, ఇంకెవరూ లేరని నువ్వు చెప్పాలి. మేం చెబితే నమ్మరు. నువ్వు వాళ్ళ మనిషివి."

"నా పిల్లో, పెదనాన్నా?"

కౌరివి నిప్పు వైపు తిరిగాడు. "దానికి నా దగ్గర జవాబు లేదురా. పాదిరి మాట నిలబెట్టుకుంటే నిలబెట్టుకుంటాడు. కొంతమందినే తెచ్చావని వాళ్ళకి కోపం రావచ్చు. నీ వల్ల కాదంటే ఇప్పుడే చెప్పు. కోప్పడను. ఇంకోటి ఆలోచిస్తాను."

ఇంకోటి లేదని అక్కడున్న అందరికీ తెలుసు.

కవారి లేచాడు. బండకింద మిగిలిన బియ్యం మూట బయటికి లాగి, తూర్పుకు వెళ్ళేవాళ్ళ తోలుసంచులు ఒక్కొక్కటే అడిగి తీసుకున్నాడు. గుప్పెట్లతో పంచడం మొదలుపెట్టాడు. కాయెరా సంచి దగ్గరికొచ్చేసరికి ఇంకో గుప్పెడు ఎక్కువ వేశాడు. ఆమె చేత్తో అతని మణికట్టు పట్టుకుంది. తర్వాత వదిలేసింది.

బయల్దేరే ముందు కౌరివి నిప్పు దగ్గర మోకాళ్ళమీద కూర్చున్నాడు. తాతల పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. చివర తమ్ముడి పేరు కలిపాడు. రాజుకుంటున్న మొద్దును రెండు చేతులతో ఎత్తి కూతురికిచ్చాడు. కొడుకును దగ్గరికి రమ్మని, "ఇకనుంచి పిల్లల తిండి ముందు నువ్వు రుచి చూడాలి. చేదుగా ఉన్నా ముఖం చిట్లించకు. వాళ్ళు నీ ముఖం చూసి తింటారు," అన్నాడు.

కటారే తుపాకీ కింద పెట్టి తండ్రి ముందు తల వంచాడు. కౌరివి నోటినిండా నీళ్ళు తీసుకుని, ఈసారి ఏమీ దాచుకోకుండా, అతని ముఖమంతా తడిపాడు.

పడమటి దారిలో ముసలివాళ్ళ నడక నత్తనడకే. కవారి ఒకరి తర్వాత ఒకరిని వీపుమీద మోశాడు. కౌరివి ఎవరి సాయమూ తీసుకోలేదు. నిప్పు లేకుండా ఆయన అడుగు తీసి అడుగు వేయడం అతను చూడటం ఇదే మొదటిసారి. ఆయన చేతులు అటూ ఇటూ ఊగుతూ, పట్టుకోవడానికి ఏమీ లేనట్టు ఉన్నాయి. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. కంబాండా మాత్రం పొదల్లో ఆగిన ప్రతిసారీ తూర్పుకేసి చూసి, "అబ్బా, నా నడుము," అనేది, ఎవరూ అడక్కపోయినా.

శిబిరం ముళ్ళకంప దాటగానే పాదిరి ఎదురొచ్చాడు. పొడుగాటి తెల్లగడ్డం, ఎండకు కమిలిన ముక్కు. కౌరివి చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా హెరెరోల మధ్య ఉన్నవాడు, వాళ్ళ మాట బాగా వచ్చు. "వచ్చావు, పెద్దయ్యా! దేవుడు నా మొర విన్నాడు," అన్నాడు. ఆయన కన్నీళ్ళలో అబద్ధం లేదు. కవారికి అదే కష్టంగా అనిపించింది.

దళాధికారి కళ్ళలో మాత్రం కన్నీళ్ళు లేవు. సన్నటి కుర్రవాడు. కుర్చీలో కూర్చుని, వరసలో నిలబెట్టిన ముసలివాళ్ళను చూసి పాదిరితో ఏదో విసురుగా అన్నాడు.

"కౌరివి మనుషులు ఇంతేనా అంటున్నారు," అన్నాడు పాదిరి. "నీ కొడుకేడి? పడుచువాళ్ళేరి?"

"ఇసుక తినేసింది. మీరు తరిమిన ఇసుకే," అన్నాడు కౌరివి.

అధికారి తల అడ్డంగా ఊపాడు. కొండల్ని గాలించడానికి మనుషుల్ని పంపుతానన్నాడు. పాదిరి ఆయన్ని ఆగమని సైగ చేసి, కవారిని పక్కకు, గుడిసె నీడలోకి తీసుకెళ్ళాడు.

"ఎలిఫాస్, నువ్వు చూశావు. అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరయ్యగారూ."

"కొండల్లోకి సైనికులు వెళితే మళ్ళీ నెత్తురే. ఎవరైనా ఉంటే చెప్పు, నువ్వూ నేనూ వెళ్ళి పిలుచుకొద్దాం. వాళ్ళ మేలు కోసమే అడుగుతున్నాను."

"ఎవరూ లేరు."

పాదిరి అతని కళ్ళలోకి చూశాడు. చేతిలోని బైబిలు ముందుకు చాపబోయి, ఆగిపోయి, దాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఈ మనుషుల్ని ఎరిగినవాడాయన. హెరెరోలు అబద్ధంలో ముట్టుకోని ఒట్టు ఒకటి ఉంది. దొంగ కూడా ఆ మాట పెదవి దాకా రానివ్వడు.

"మీ అమ్మ కన్నీళ్ళ మీద చెప్పు," అన్నాడు మెల్లగా.

కవారికి అమ్మ కళ్ళముందు కనబడింది. కాడి దగ్గర ఎడమవైపు మొదటి చోటు. ఈదురుగాలి. గోనెసంచి జారిపోతే సర్దుకోవడానికి చేతులు ఖాళీ లేక, భుజాన్ని చెవిదాకా ఎత్తి దాన్ని ఆపుకునే మనిషి. ఆమె ఏడవడం అతనెప్పుడూ చూడలేదు. తడిగాలికి ముఖం ఎప్పుడూ తడిగానే ఉండేది, అది కన్నీరో కాదో ఎవరికీ తెలిసేది కాదు.

"మా అమ్మ కన్నీళ్ళ మీద," అన్నాడు. "కొండల్లో ఎవరూ లేరు."

పాదిరి ఊపిరి వదిలాడు. అతని తలమీద చెయ్యి వేసి, వెళ్ళి అధికారితో చెప్పాడు. అధికారి కాసేపు బల్లమీద వేళ్ళతో తట్టాడు. ఒక రౌతును పిలిచాడు. కవారికి జర్మన్ మాటలు కొన్ని తెలుసు. చెలమ దగ్గరి దళాన్ని వెనక్కి రమ్మనమని చెప్పి పంపుతున్నాడు. కౌరివి నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

రైలు వచ్చే రోజున పాదిరి, కవారి వాళ్ళుంటున్న గుడిసె దగ్గరికి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. లోపలికి రాలేదు.

"నా మాట సాగలేదు, ఎలిఫాస్," అన్నాడు. "కౌరివి వంశం వాళ్ళనెవర్నీ ఇక్కడ ఉంచకూడదట. నువ్వు కూడా... హుల్దా, పిల్ల... నేను చాలా చెప్పి చూశాను."

పాదిరి ఏదో ప్రార్థన గొణిగి వెళ్ళిపోయాడు. హుల్దా మూట కడుతోంది. కట్టడానికి ఎక్కువ లేదు. ఒక దుప్పటి, ఒక రేకు డబ్బా.

"మమ్మల్ని ఇక్కడే ఉంచుతారన్నావు," అంది. "అందుకే వెళ్ళానన్నావు. ఇంటి ముసలాణ్ణి తెచ్చి పట్టించావు. ఏం మిగిలింది?"

గుడిసె చుట్టూ జనం. ఎవరు ఎవరికి చెబుతారో తెలియదు. అతను రూతును ఎత్తుకున్నాడు. పిల్ల అతని మెడలోని బిళ్ళతో ఆడుకోవడం మొదలుపెట్టింది. శిబిరంలో హెరెరోలు అతను నడుస్తుంటే పక్కకు తొలిగారు. ఒక ముసలాయన అతని నీడమీద ఉమ్మేశాడు.

పైకప్పు లేని సరుకు పెట్టెలో అందర్నీ ఎక్కించారు. కంబాండాను ఇద్దరు ఎత్తి పైకి లాగితే, "మెల్లగా ఎత్తండర్రా, పెళ్ళికూతుర్ని," అని గదమాయించింది. కౌరివి పడమటి వైపు మూల కూర్చున్నాడు. గాలంతా ఆయన మీదికే వస్తోంది. హుల్దా వీళ్ళందరికీ వీపు పెట్టి, పిల్లను ఒళ్ళో దాచుకుని కూర్చుంది. బండి కదల్చకుండా ఇంకా దేనికోసమో ఆగి ఉన్నారు.

తూర్పున దుమ్ము లేచింది.

కవారి లేచి నిలబడ్డాడు. దుమ్ములోంచి గుర్రాలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. చెలమ దగ్గరి దళం. రౌతులు కళ్ళేలు వదులు చేసి జీనుల మీద వాలి కూర్చున్నారు. ముందున్నవాడు ఏదో పాట ఈల వేస్తున్నాడు.

"నా కళ్ళకి ఆనడం లేదు," అన్నాడు కౌరివి. ఆయన మోకాళ్ళమీద చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. "వాళ్ళ వెనక నడిచొచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

కవారి ఆఖరి గుర్రం దుమ్ము దాటి బయటికొచ్చేదాకా చూశాడు. దాని వెనక ఖాళీ నేల. తాళ్ళకు కట్టిన మనుషులు లేరు. జీనుకు వేలాడే దోపిడి మూటలు లేవు.

"ఎవరూ లేరు పెదనాన్నా."

"సరిగ్గా చూడు."

"చూశాను. ఎవరూ లేరు."

కౌరివి కళ్ళు మూసుకున్నాడు. కంబాండా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో తెలియలేదు.

బండి కుదుపుతో కదిలింది. చక్రాల చప్పుడు పెరిగి, పక్కవాళ్ళ మాట వినబడకుండా పోయాక హుల్దా ముఖం తిప్పింది. "ఎవరి కోసం అంతగా చూశావు?"

కవారి ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"కటారే, కాయెరా, పిల్లలు. తూర్పుకి వెళ్ళిపోయారు. కాయెరా బిడ్డ కూడా."

హుల్దా అతని ముఖంలోకి చూసింది. ఆ చూపు అంత తొందరగా మెత్తబడలేదు. ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది. దాని కాళ్ళను దుప్పటిలోకి సర్దింది. రైలు ఒక మలుపు తిరిగింది. గాలి సూదుల్లా తగలడం మొదలైంది.

తర్వాత ఆమె లేచి, పిల్లను కవారి చేతుల్లో పెట్టి, పెట్టె అంచు పట్టుకుని మూలకు వెళ్ళింది. "లే మామా," అంది కౌరివితో. "లోపలికి జరుగు." ఆయన చెయ్యి పట్టి లేపి, మనుషుల మధ్య కూర్చోబెట్టి, గాలి వచ్చే ఆ మూలలో తను కూర్చుంది.